‘నా దగ్గర పుస్తకము ఉన్నది’: ఒక చిన్న వాక్యముతో రష్యను వ్యాకరణము

కోలారు బంగారు గనుల ప్రాంతమున పెరుగుచున్న మన పిల్లలకు నాలుగైదు భాషలు ఉగ్గుబాలతోనే అబ్బుచున్నవి. ఇంట తెలుగు, వీధిలో తమిళము, కచేరీలలో కన్నడము, చదువుల కొఱకు ఇంగ్లీషు, అంగడిలో ఉర్దూ. ఇది మన ఊరి భాగ్యము. అయినను తల్లిదండ్రులు మమ్ము తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: “ఇన్ని భాషల నడుమ తెలుగు చదువు కూడ దేనికండీ? ఇంట మాటాడుకొనుచునే యున్నాము గదా! ఆ గంటసేపును ఇంగ్లీషునకే ఇచ్చిన, రేపు బిడ్డ ఏ దేశము పోయినను పనికివచ్చును గదా!”

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినది మొదలు, పొట్టకూటికై తెల్లవారకముందే బెంగుళూరు రైలెక్కువారు మన ఊరిలో ఎందఱో కలరు. బిడ్డ భవిష్యత్తును గూర్చి వారికిగల బెంగ న్యాయమైనది. కావున మాతృభాషాభిమానమును గూర్చి ఉపన్యసించుటకు మారుగా, చిన్న పరీక్ష యొకటి చేసి చూపదలచితిమి. మన ఇండ్లలో ఎవరికిని రాని ఒక దూరదేశపు భాషను తీసికొందము. దానిని ఇంగ్లీషు తలుపునుండి ప్రవేశించిన ఎట్లుండునో, తెలుగు తలుపునుండి ప్రవేశించిన ఎట్లుండునో చూతము.

అందులకు రష్యను భాషను ఎన్నుకొంటిమి. అది ఐక్యరాజ్య సమితి అధికార భాషలు ఆఱింటిలో ఒకటి. మన దేశమునుండి వైద్యవిద్యకై రష్యాకు పోవు విద్యార్థులు నేడు వేలకొలదిగా నున్నారు. అక్కడి కొన్ని విశ్వవిద్యాలయములలో పాఠములు ఇంగ్లీషున చెప్పినను, ఆసుపత్రి మంచముమీది రోగితో మాటాడవలసినది రష్యనులోనే గదా!

రష్యను లిపిలో 33 అక్షరములు కలవు. మన గుణింతములకు అలవాటుపడిన బిడ్డకు అది పెద్ద బరువు కాదు. ఒక్క సంగతి గుర్తుంచుకొన్న చాలును: ప్రతి మాటలోను ఒక అచ్చును ఊది పలుకుదురు, ఊనిక లేనిచోట ‘ఒ’కారము ‘అ’కారమువలె వినబడును. అందుచేతనే ‘మొస్క్వా’ అని వ్రాసి ‘మస్క్వా’ అని పలుకుదురు. మనము మాస్కో అను నగరమిదియే. ఇక్కడ మేము రష్యను మాటలను పలుకుబడి ననుసరించి, వీలైనంత దగ్గఱగా తెలుగు అక్షరములలో ఇచ్చుచున్నాము.

మొదట ఒకటవ తరగతి వాక్యము. ‘ఇది పుస్తకము.’ రష్యనులో:

ఎత క్నీగ.

‘ఎత’ అనగా ఇది. ‘క్నీగ’ అనగా పుస్తకము. అంతే. ఇంగ్లీషున దీనిని ‘దిస్ ఈజ్ ఎ బుక్’ అందురు. ఇంగ్లీషు తలుపునుండి వచ్చిన విద్యార్థి మొదటనే తడబడును. ‘ఈజ్ ఏది? ఎ ఏది?’ అని వెదకును. రష్యనులో వర్తమానకాలమున ఆ ‘ఈజ్’ పలుకబడదు. ‘ఎ’, ‘ది’ అను ఉపపదములు అసలే లేవు. తెలుగు బిడ్డ దేనిని వెదకవలసిన పని లేదు. వాని వాక్యములోను రెండే మాటలు, ఈ వాక్యములోను రెండే మాటలు. ఒక భేదము మాత్రము చెప్పవలెను. మనము ‘నేను ఉపాధ్యాయుడను’, ‘నీవు ఉపాధ్యాయుడవు’ అని నామమునకు తోక మార్చుదుము. రష్యనువారు ‘యా ఉచీతిల్’ అని ఊరకుందురు. ‘యా’ అనగా నేను. ‘ఉచీతిల్’ అనగా ఉపాధ్యాయుడు. నీవు, అతడు అన్నను ఆ మాట అట్లే నిలుచును.

ఇప్పుడు అసలు వాక్యమునకు వత్తము. ‘నా దగ్గర పుస్తకము ఉన్నది.’

ఉ మిన్యా యెస్త్ క్నీగ.

ఒక్కొక్క మాటను విడదీసి చూడుడు. ‘ఉ’ అనగా దగ్గర. ‘మిన్యా’ అనునది ‘యా’ అను మాట షష్ఠీ విభక్తిలో పొందిన రూపము, అనగా మన ‘నా’. ‘యెస్త్’ అనగా ఉన్నది. ‘క్నీగ’ పుస్తకము. మన ‘దగ్గర’ అను మాట ‘నా’ తరువాత వచ్చుచుండగా, వారి ‘ఉ’ ముందు వచ్చుచున్నది; మన క్రియ చివర నుండగా, వారి క్రియ నడుమ నున్నది. తక్కిన కట్టుబడి యంతయు ఒక్కటే. పుస్తకమే ఇక్కడ కర్త, అది ఉన్నది, ఎక్కడ? నా దగ్గర.

ఇంగ్లీషున ‘ఐ హావ్ ఎ బుక్’ అనినప్పుడు వాక్యపు తల ‘నేను’, పుస్తకము నేను పట్టుకొనిన వస్తువు. రష్యనులో ‘హావ్’ వంటి క్రియ బొత్తిగా లేకపోలేదు. ‘ఇమ్యేత్’ అను క్రియ కలదు గాని, అది ‘హక్కు కలిగియుండుట’ వంటి గంభీరమైన మాటలకే ఎక్కువగా చెల్లును. బలపము, పుస్తకము వంటివానికి ఇంటివాడుకలో పనికిరాదు. కావున ఇంగ్లీషున మాత్రమే ఆలోచించుట నేర్చిన వాడు ఆ వాక్యమును తలక్రిందు చేసికొనవలెను. మన బిడ్డ చేసికొననక్కరలేదు.

మన ఊరి వీధిలోనికే పోయి చూడుడు. కోలారు సీమ తెలుగువాడు ‘నా కాడ పుస్తకం ఉండాది’ అనును. ప్రక్కింటి తమిళుడు ‘ఎన్‌కిట్ట పుస్తకం ఇరుక్కు’ అనును. కన్నడిగుడు ‘నన్న హత్తిర పుస్తక ఇదె’ అనును. ఉర్దూ మాటాడువాడు ‘మేరే పాస్ కితాబ్ హై’ అనును. నాలుగు భాషలును ‘నా దగ్గర ఉన్నది’ అనియే చెప్పుచున్నవి. ఆండర్సన్‌పేట వీధిలో ఆడుకొను బిడ్డ ఈ రష్యను వాక్యమును ఆకారమున నాలుగు మాఱులు నేర్చియే యున్నాడు. మాటలు నేర్చుటయే కొఱవడి యున్నది.

ఇక ‘లేదు’ అను మాట. ‘నా దగ్గర పుస్తకము లేదు.’

ఉ మిన్యా న్యెత్ క్నీగి.

మనకు ‘ఉన్నది’కి ఎదురుగా ‘లేదు’ అను ఒక్క మాట ఉన్నట్లే, వారికి ‘యెస్త్’నకు ఎదురుగా ‘న్యెత్’ అను ఒక్క మాట యున్నది. ఇంగ్లీషువలె రెండు మూడు మాటలు పేర్చనక్కరలేదు. అయితే ఇచ్చట మనతో కలియని సంగతి యొకటి కలదు. మన వాక్యములో పుస్తకము ప్రథమావిభక్తిలోనే నిలిచినది. రష్యనులో ‘క్నీగ’ పోయి ‘క్నీగి’ అను షష్ఠీ రూపము వచ్చినది. లేని వస్తువు షష్ఠిలో నుండవలెననుట వారి నియమము. ‘పుస్తకము యొక్క లేమి’ అని మనసులో అనుకొనిన ఈ నియమము మఱపునకు రాదు.

గడచిన కాలమును మన గనుల మాటతోనే నేర్చుకొందము. ‘మా దగ్గర బంగారము ఉండెను.’

ఉ నాస్ బీల జోలత.

‘నాస్’ అనగా ‘మా’, ‘జోలత’ బంగారము, ‘బీల’ ఉండెను. మనము ‘మా దగ్గర’ అని ‘మా ఊరిలో’ అను అర్థమున పలుకునట్లే, రష్యనువారును ‘ఉ నాస్’ అని ‘మా తట్టున’ అను అర్థమున పలుకుదురు. ఇక క్రియను గమనింపుడు. అది బంగారము ననుసరించి మాఱినది, ‘మా’ అను మాటను బట్టి కాదు. పుస్తకమైనచో ‘బిలా క్నీగ’. ఇల్లైనచో ‘బీల్ దోమ్’. ఏలయన రష్యనులో క్నీగ స్త్రీలింగము, దోమ్ పుంలింగము, జోలత నపుంసకము. తెలుగున లింగము అర్థమును బట్టి వచ్చును. రష్యనులో చాలవఱకు మాట చివరి అక్షరమును బట్టి వచ్చును: హల్లుతో ముగిసిన పుంలింగము, ‘అ’కారముతో వ్రాసిన స్త్రీలింగము, ‘ఒ’కారముతో వ్రాసిన నపుంసకము. ‘జోలత’ చివర పలుకుబడిలో ‘అ’ వినవచ్చినను వ్రాతలో ఉన్నది ‘ఒ’కారమే. ఊనికను గూర్చి పైన చెప్పిన సూత్రము ఇచ్చట అక్కఱకు వచ్చినది.

మరియొక ఇంటి వాక్యము. బడిలో చేర్చునపుడు బిడ్డను అడుగు మొదటి ప్రశ్నకు జవాబు: ‘నాకు ఆఱు ఏండ్లు.’

మ్న్యె షేస్త్ ల్యెత్.

‘మ్న్యె’ నాకు, ‘షేస్త్’ ఆఱు, ‘ల్యెత్’ ఏండ్లు. మాటకు మాట, వరుసకు వరుస. ఇంగ్లీషువాడు ‘నేనే ఆఱేండ్ల వాడను’ అని చెప్పుచుండగా, తెలుగువాడును రష్యనువాడును ‘నాకు’ అనుచున్నారు. ఇందులో మరియొక ముచ్చట గలదు. ‘ల్యెత్’ అనగా నిజమునకు ‘వేసవులు’. చలిదేశమువారు ఏండ్లను వేసవులతో లెక్కించిరి. మన పెద్దలు సంవత్సరమునకు ‘వర్షము’ అను పేరు పెట్టిరి. ఎవరికి ఏది ప్రియమో దానితో కాలమును కొలిచిరి.

‘నాకు చలిగా ఉన్నది’ అనుటకు ‘మ్న్యె ఖోలద్న’ అందురు. ఇక్కడను కర్త లేడు. ‘నాకు’ మాత్రమే కలదు.

అయితే ‘నాకు’ అని తెలుగులో వచ్చినచోటనెల్ల ‘మ్న్యె’ అని వాడరాదు. మనము చేతిలోని వస్తువునకు ‘నా దగ్గర’ అందుము. బంధువులకు, నొప్పులకు, వయసునకు, చలికి ‘నాకు’ అందుము. రష్యనువారు వస్తువులకు, బంధువులకు, నొప్పులకు ‘ఉ మిన్యా’ అందురు. వయసునకు, చలికి ‘మ్న్యె’ అందురు. సరిహద్దు కొంచెము ప్రక్కకు జరిగినది. ‘నాకు ఇద్దఱు అన్నదమ్ములు’ అనునది ‘ఉ మిన్యా ద్వా బ్రాత’ యగును. ఈ ఒక్క సరిహద్దును తెలిసికొనిన, నిత్యవాడుకలోని వందల వాక్యములు చక్కబడును.

వైద్యవిద్యార్థి మొదట నేర్వవలసిన ప్రశ్న చూడుడు. ‘మీకు ఏమి నొప్పి చేయుచున్నది?’

ష్తో ఉ వాస్ బలీత్?

‘ష్తో’ ఏమి, ‘ఉ వాస్’ మీ దగ్గర, ‘బలీత్’ నొప్పి చేయుచున్నది. రోగి చెప్పు జవాబు: ‘ఉ మిన్యా బలీత్ గలవా’, నాకు తల నొప్పి చేయుచున్నది. ఇచ్చట ‘వాస్’ అనుట గమనింపదగినది. చిన్నవారిని, చనువైనవారిని ‘తి’ అని, అనగా ‘నీవు’ అని, పెద్దలను, క్రొత్తవారిని ‘వి’ అని, అనగా ‘మీరు’ అని సంబోధింతురు. ‘వాస్’ ఆ ‘వి’ యొక్క షష్ఠీరూపము. బహువచనముచే గౌరవము చూపుట మన ఇంటి మర్యాదయే గదా! ఇంగ్లీషున రెంటికి నొక్కటే మాట. దానినే నమ్మిన విద్యార్థి వృద్ధురాలిని ‘నీవు’ అని పిలిచి నొప్పింపవచ్చును. ‘అవ్వా, మీకు ఏమైనది?’ అని అడుగ నేర్చిన బిడ్డ అట్లు చేయడు.

ఇక విభక్తులు. రష్యనులో ఆఱు విభక్తులు గలవు. పుస్తకమునకు క్నీగ అని ప్రథమ, క్నీగు అని ద్వితీయ, క్నీగయ్ అని తృతీయ, క్నీగె అని చతుర్థి, క్నీగి అని షష్ఠి, మరల క్నీగె అని సప్తమి వంటిది. ‘డు, ము, వు, లు’ అని వల్లించిన వారికి ఈ పట్టిక చూచి గుండె జారదు. మన వ్యాకరణములలో ‘కు’ ప్రత్యయము షష్ఠిలో చేర్చబడియున్నను, వారి చతుర్థి చేయు పనినే అది చేయుచున్నదని బిడ్డ తానే కనిపెట్టగలడు.

విభక్తివలన కలుగు లాభము కూడ ఇరువురికి నొక్కటే. ‘అమ్మ పుస్తకమును చదువుచున్నది’ అనుటకు ‘మామ చితాయెత్ క్నీగు’ అందురు. ‘పుస్తకమును అమ్మ చదువుచున్నది’ అని మాటలు తారుమాఱు చేసినను మన వాక్యము చెడదు. ‘క్నీగు చితాయెత్ మామ’ అనినను వారి వాక్యము చెడదు. ‘ను’ అను ప్రత్యయము, ‘ఉ’ అను తోక కర్మను పట్టియిచ్చును. ఇంగ్లీషున మాటల వరుస మాఱిన పుస్తకమే అమ్మను చదువుచున్నట్లు అర్థము వచ్చును. అన్నట్లు, రష్యనులో ‘మామ’ అనగా అమ్మ! మన పిల్లలు ఈ పాఠమున తప్పక నవ్వుదురు. నవ్వి నేర్చిన మాట మఱవరు.

అంతయు సులభమని మేము చెప్పుట లేదు. రష్యను క్రియ రెండు జతలుగా నుండును. ‘చితాల్’ అనగా చదువుచుంటిని, చదివితిని. పని ముగిసినదో లేదో చెప్పదు. ‘ప్రచితాల్’ అనగా చదివి ముగించితిని. మనము ‘చదివినాను’, ‘చదివివేసినాను’ అని చేయు భేదము దీనికి కొంత దగ్గఱ. సరిగా అదియే కాదు. పైగా ఈ భూతకాల రూపము పురుషుడు పలుకునపుడు ‘చితాల్’, స్త్రీ పలుకునపుడు ‘చితాల’ యగును. తెలుగున ‘చదివితిని’ అని ఇరువురును అందురు. ఇచ్చట మనకు సాయము వచ్చునది హిందీ, ‘పఢ్‌తా హూఁ’, ‘పఢ్‌తీ హూఁ’ అని భేదము చూపు భాష. మాతృభాష అన్ని తలుపులను తెఱవదు. ఏ తలుపునకు ఏ తాళపుచెవి కావలయునో అడుగుట మాత్రము నేర్పును.

ఇంత పోలిక ఎట్లు వచ్చినదను సందేహము కలుగును. ఇచ్చట రెండు సంగతులను వేఱుచేయవలెను. మొదటిది, మాటల చుట్టఱికము. రష్యను భాషకును సంస్కృతమునకును మూలమున ఒక్క కుటుంబము. ‘యెస్త్’ అనునది ‘అస్తి’, ‘బ్రాత్’ భ్రాత, ‘మాత్’ మాత, ‘అగోన్’ అగ్ని, ‘వ్దవా’ విధవ, ‘త్రి’ త్రి, ‘షేస్త్’ షష్. మన ఊరికి ప్రియమైన మాట ‘జోలత’ కూడ ‘హిరణ్య’ శబ్దమునకును, ఇంగ్లీషు ‘గోల్డ్’నకును దూరపు చుట్టమే. పసుపువన్నెను తెలుపు ఒక్క పురాతన ధాతువునుండి మూడును పుట్టినవి. అయినను రష్యను సంస్కృతమునుండి పుట్టినదని పలుకరాదు. అవి తోబుట్టువులే గాని తల్లీబిడ్డలు కావు.

రెండవది, వాక్యపు కట్టుబడి. తెలుగు ద్రావిడ భాష. రష్యనుతో దానికి చుట్టఱికము లేదు. ‘నా దగ్గర ఉన్నది’ అను పద్ధతి లోకమున అనేక భాషలలో గలదు. ‘నేను కలిగియున్నాను’ అను ఇంగ్లీషు పద్ధతియే లోకరీతి యని మనము భ్రమపడుచున్నాము. ఆ భ్రమ తొలగుటయే ఈ పరీక్షవలన మేము కోరిన ముఖ్యఫలము.

వ్యాకరణమునకును గనులకును పొత్తేమని ఎవరైన అడుగవచ్చును. రష్యను భాషకు 1755లో గొప్ప వ్యాకరణమును రచించిన లోమనోసవ్ ఒక బెస్తవాని కుమారుడు. ఆయనయే 1763లో లోహవిద్యను, గనులపనిని గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. సొంత భాషను శాస్త్రీయముగా తెలియుటకును, భూగర్భమును తెలియుటకును ఆయనకు వైరము కనబడలేదు. మనకు చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. 1972లో మాస్కోలో తెలుగు–రష్యను నిఘంటువు అచ్చయినది. ఉప్పల లక్ష్మణరావుగారు మాస్కోలో నుండి రష్యను గ్రంథములను తెలుగు చేసిరి. దూరదేశమువారు మన భాషను శ్రద్ధతో చదివినపుడు, మన ఇండ్లలో అది గంటకు బరువగుట న్యాయమా?

భాషలు ఒకదాని నొకటి త్రోసికొనునను భయము మన సీమకు తగదు. మాతృభాష తమిళమైన మాస్తి వెంకటేశ అయ్యంగారు ఈ కోలారు సీమలోనే పుట్టి, కన్నడమున రచించి, 1983లో జ్ఞానపీఠ పురస్కారమందిరి. కైవారము నారాయణ తాతగారు తెలుగునను కన్నడమునను పాడిరి. రాష్ట్రభాషయైన కన్నడమును మన బిడ్డలు చక్కగా నేర్వవలెను, ఇంగ్లీషును నేర్వవలెను. ఆ రెంటికిని పునాది వాని ఇంటివాక్యమే. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపవలెనని రాజ్యాంగమున 350ఎ అధికరణమును 1956లో చేర్చిన ఉద్దేశమును ఇదియే యని మా నమ్మకము.

ఇంట మాటాడినంత మాత్రమున ఇది సిద్ధింపదు. ‘నా దగ్గర’ అను బిడ్డకు వాక్యము వచ్చును. అందులో కర్త ఏదో, విభక్తి ఏదో తెలియుటకు తెలుగు చదువు కావలెను. బడిలో మేము కోరు గంట అందులకే. తల్లిదండ్రులకు మా మనవి యొక్కటి. వారమున కొక సాయంకాలము, అన్నముల వేళ, బిడ్డచేత ఒక చిన్న వాక్యమును తెలుగున చెప్పింపుడు. దానినే కన్నడమున, తమిళమున, ఇంగ్లీషున చెప్పుమనుడు. ఏ మాట ఎక్కడికి జరిగినది, ఏది మాయమైనది, ఏది క్రొత్తగా వచ్చినది అని అడుగుడు. మీకు జవాబు తెలియకున్నను చింత లేదు, బిడ్డ వెదకును. అట్లు వెదకుట అలవడినవానికి రష్యనుగాని, జర్మనుగాని, జపానుభాషగాని కొండ కాదు.